పొగ పోయిన ఇల్లు

ఆ పొయ్యిని ఎవరైనా పొగిడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పొగిడేవాళ్ళ తప్పేం లేదు. అది నిజంగా మంచి పొయ్యి. తక్కువ కట్టెతో త్వరగా ఉడుకుతుంది, పొగంతా గొట్టంలోంచి బయటికి పోతుంది, వండేవాళ్ళకి కళ్ళు మండవు. దాని లోపలి పెంకు నేను చేసిందే. నాకు డాక్టరేటు వచ్చింది దాని మీదే. అరకు దాటి కొండల్లో ఉన్న ఒక ఊళ్ళో, ఒక పెద్దావిడ పుట్టింటి నుంచి తెచ్చుకుని నలభై ఏళ్ళకి పైగా కాపాడుకున్న చిక్కుడు విత్తనం ఒక్క వేసవిలో పొడిగా రాలిపోయింది కూడా దాని వల్లే. పొయ్యి సంగతీ, పెంకు సంగతీ నా థీసిస్‌లో ఉన్నాయి. విత్తనం సంగతి లేదు.

తొంభైల మధ్యలో విశాఖపట్నంలో ఒక లాబులో పరిశోధన చేస్తుండేదాన్ని. మెటీరియల్ సైన్స్ అంటే మా ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. మీ అమ్మాయి ఏం చదువుతోంది అని చుట్టాలడిగితే మా అమ్మ "ఇటుకలు కాలుత్తాది" అని చెప్పేది. నాకు చిర్రెత్తుకొచ్చేది గానీ, అంతకంటే సరిగ్గా చెప్పడం నాకూ చేతనయ్యేది కాదు. నిజంగానే ఇటుకలు కాల్చేదాన్ని. కొండమట్టిలో వరి ఊక కలిపి కొలిమిలో కాలిస్తే, ఊక కాలిపోయి దాని చోట సన్నటి బొరియలు మిగులుతాయి. ఆ బొరియల్లో చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు. అలాంటి మట్టి పెంకుని పొయ్యి లోపల తొడిగితే వేడి గోడలకి పోకుండా కుండకే అందుతుంది. కట్టె ఆదా, కట్టెతో పాటు అడవి ఆదా. మా గైడు, అంటే మా సార్, ప్రాజెక్టు కాగితాల మీద ఇదంతా పెద్ద పెద్ద మాటల్లో రాసి డబ్బు తెచ్చారు.

ఆ పెంకుతో నేను పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఊక ఎక్కువైతే పెంకు పగిలేది. తక్కువైతే వేడి ఆగేది కాదు. ఎర్రగా కాలిన పెంకు మీద గంజి పొంగి నాలుగు చుక్కలు పడితే చాలు, టప్పుమని చీలేది. రెండేళ్ళు ఆ టప్పు శబ్దం విని విని, హాస్టల్లో ఎవరి చేతిలోంచైనా గ్లాసు జారినా ఉలిక్కిపడేదాన్ని. నాకున్న భయమంతా పగులు ఒక్కటే. అది పగలకుండా ఉంటే ఇంకేం అక్కర్లేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

చివరికి పగలని పెంకు ఒకటి కుదిరింది. దాన్ని నిజమైన ఇంట్లో పెట్టి చూడాలన్నారు సార్. పుష్యమాసంలో, గజగజలాడించే చలిలో, పెంకుల్ని గడ్డిలో చుట్టి చెక్కపెట్టెల్లో సర్దుకుని కొండల మీదికి వెళ్ళే పాసింజరు ఎక్కాను. ఒక పెట్టెని నమ్మలేక ఒళ్ళోనే పెట్టుకున్నాను. సొరంగాలు దాటి బొర్రాలో రైలు ఆగినప్పుడు జామకాయలు అమ్మే ఆవిడ "బిడ్డ నిద్దరోతందా?" అని ఆ పెట్టెకేసి చూసి అడిగింది. అరకులో దిగి జీపు, జీపు ఆగిపోయిన చోటి నుంచి నడక.

పాతిక ఇళ్ళు కూడా లేని ఊరు. ముందు ఒక్క ఇంట్లో పెట్టి, బాగుంటే మిగతా ఇళ్ళకి అనుకున్నాం. ఏ ఇల్లని ఊరివాళ్ళు మాట్లాడుకుంటుంటే ఒక పెద్దావిడ లేచి తన ఇంట్లో పెట్టమంది. అరవై దాటి ఉంటాయి. ముక్కుకి మూడు పోగులు, మోకాళ్ళ పైకి కట్టిన చీర. కొడుకు కాఫీ తోటల పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది తనూ కోడలూ. కోడలికి అప్పుడు నాలుగో నెల. పొయ్యి దగ్గర కూర్చుంటే చాలు దగ్గు, కడుపు పట్టుకుని వంగిపోయేంత దగ్గు. "ఈ గుంట దగ్గు తగ్గితే సాలు, నీ పొయ్యి ఎట్లాగున్నా పరవాలేదు" అంది ఆవిడ కోడలిని చూపిస్తూ. నేను ఆవిడని మామ్మా అని పిలవడం ఆ రోజే మొదలుపెట్టాను.

ఆ ఇల్లు ఒకటే గది. నడిమధ్య మూడు రాళ్ళ పొయ్యి. దాని నెత్తిన వెదురు అటక. పొయ్యి రాజేస్తే పొగ అటకలోంచి సాగి, గడ్డి కప్పులోంచి మెల్లగా బయటికి పోతుంది. ఇంట్లో పైనున్న ప్రతిదీ నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తుండేది. మొక్కజొన్న పొత్తులు, బుట్టలు, అడ్డాకులతో గట్టిగా చుట్టి నారతో కట్టిన ఒక మూట. గొట్టం ఎక్కడ తిప్పాలో తెలియాలి కాబట్టి నేను అటక ఎత్తు కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. అటక మీద ఏముందో అడగలేదు.

మూడు రాళ్ళూ తీసి బయట పెట్టి, పెంకు చుట్టూ మట్టి మెత్తి పొయ్యి కట్టాం. సిమెంటు గొట్టం కప్పు మీదికి లేపాం. మామ్మ పొయ్యిని తనే అలికి, గుప్పెడు బియ్యం దాని ముందు పోసి దండం పెట్టింది. మొదటి మంట పెట్టినప్పుడు ఊరంతా బయట నిలబడి గొట్టం చివర పొగ వస్తుంటే చూసి నవ్వారు. లోపల కోడలు అంబలి కలుపుతూ నా వైపు తిరిగింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. దగ్గలేదు. అంత సంతోషం నాకు ఆ తర్వాత డాక్టరేటు వచ్చినప్పుడు కూడా కలగలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అక్కణ్ణించి నెలకోసారి వెళ్ళేదాన్ని. పరీక్ష చాలా మామూలుది. వంటకి ముందు కట్టెలు తూచడం, అయ్యాక మిగిలినవీ బొగ్గులూ తూచడం, నీళ్ళు ఎంతసేపటికి మరిగాయో రాసుకోవడం. చిన్న తేడా కూడా పట్టే త్రాసు లాబు నుంచి మోసుకెళ్ళేదాన్ని. దానితోనే వచ్చింది చిక్కు. మాఘంలో బాగానే ఉంది. ఫాల్గుణంలో వెళ్ళినప్పుడు తూచిన బరువు నిలిచేది కాదు. చూస్తే త్రాసు పళ్ళెంలో లేత పసుపు రంగు పొడి పడి ఉంది. మెత్తగా, పిండిలా ఉంది. గడ్డి కప్పు ఎండి రాలుతోందనుకున్నాను. నోటుబుక్కులో ఇలా రాసుకున్నాను: 'పై నుంచి దుమ్ము. త్రాసు తుడిచాను.' చైత్రంలోనూ అదే మాట రాశాను. వైశాఖంలోనూ అదే రాసి, విసుగొచ్చి, గొడుగు తీసి దాని కింద త్రాసు పెట్టుకుని తూచాను. ఇంట్లో గొడుగేంటని కోడలు పడీ పడీ నవ్వింది. అప్పటికి ఆమెకి నెలలు నిండుతున్నాయి. దగ్గు పూర్తిగా పోయింది. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. గొడుగు మీద పొడి పడుతున్న చప్పుడు కూడా వినిపించనంత మెత్తటి పొడి అది. ఇద్దరిలో ఒక్కరమూ తలెత్తి పైకి చూడలేదు.

జ్యేష్ఠం చివర తొలి వానలు పడ్డాక వెళ్ళాను. పెంకు ఆరు నెలలు ఆగింది, పగల్లేదు. సార్ ఇంకో పది ఇళ్ళకి పెంకులు కాల్చమన్నారు. ఆ కబురు చెప్పాలని బురదలో జారుకుంటూ హుషారుగా పోయాను. మామ్మ అరుగు మీద ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుని ఉంది. చాటలో చిక్కుడు గింజలు. ఒక్కో గింజకి రెండేసి మూడేసి గుండ్రటి రంధ్రాలు, సూదితో పొడిచినట్టు. వాటి మధ్య చిన్న చిన్న పురుగులు పాకుతున్నాయి. చాట అడుగున లేత పసుపు పొడి. ఆ పొడిని నేను వెంటనే గుర్తుపట్టాను. త్రాసు మీద నుంచి మూడు నెలలుగా తుడుస్తున్నది అదే కదా.

అప్పుడు తెలిసింది నాకు మొత్తం. అడ్డాకుల మూటలో ఉన్నది విత్తనం. మార్గశిరంలో చిక్కుడు కోసి, ఎండబెట్టి, కట్టి పొయ్యి పైన వేలాడదీస్తారు. విత్తనాల పండుగ దాకా ఎవరూ దాన్ని విప్పకూడదు, ముట్టకూడదు. పండుగ నాడు తెల్లారే ఇంటి పెద్దావిడ స్నానం చేసి దింపి విప్పుతుంది. ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు గింజలు దేవత ముందు పోస్తారు. దిసారి, అంటే వాళ్ళ పూజారి, వాటిని కలిపి తలా కొంచెం ఇచ్చాకే ఊరు విత్తడం మొదలుపెడుతుంది. తాతల నాటి నుంచి ఆ మూటని విప్పకుండా కాపాడింది పొగ. పురుగు ఆ పొగలో బతకదు. ఆ పొగని నేను కొలతలు తీసి, గొట్టం పెట్టి, ఇంట్లోంచి బయటికి పంపేశాను. మూట మాత్రం విప్పకూడని మూటగానే ఉండిపోయింది. పండుగ నాడు మామ్మ విప్పితే పొడి. ఆవిడ పక్కింటివాళ్ళ సామలు గుప్పెడు తీసుకుని దేవత దగ్గరికి వెళ్ళిందట.

వేరే చిక్కుడు తెచ్చుకోవచ్చు కదా అని నేను వెంటనే అన్నాను. అలాంటి మాటలు నా నోటికి తొందరగా వస్తాయి. కోడలు నెమ్మదిగా చెప్పింది. అది నల్లటి గింజ, మూతి దగ్గర తెల్లటి గీత. వాన ఆలస్యమైనా, రాళ్ళ గట్టు మీద వేసినా కాస్తుంది. ఒకప్పుడు ఊళ్ళో మూడు నాలుగు ఇళ్ళలో ఉండేది. సంతలో రాజ్మాకి గిరాకీ పెరిగాక వాళ్ళంతా దానికి మారిపోయారు. మామ్మ ఒక్కతే వదల్లేదు, ఎందుకంటే అది పెళ్ళి నాడు వాళ్ళమ్మ కొంగున కట్టి పంపిన విత్తనం. పుట్టిన ఊరికి వెళ్ళి తెచ్చుకుందామంటే ఆ ఊరు లేదు. ఒడిశా సరిహద్దులో కరెంటు కోసం కట్టిన డ్యాం నీళ్ళ కింద ఉంది. మా లాబు కొలిమి ఎక్కడి కరెంటుతో నడిచేదో నాకు తెలీదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "ముందే అడగాల్సింది మామ్మా, నాదే తప్పు" అన్నాను.

"అడిగినా నానేటి సెప్తాను పాపా" అంది చాట చెరుగుతూనే. "పొగ పోతే ఏటవుతాదో మాకెలాగ తెలుస్తాది? మా ఇళ్ళల్లో పొగ ఎప్పుడు పోనాది గనక?"



పొయ్యి తీసేస్తానని, ఆ రోజే మళ్ళీ మూడు రాళ్ళూ లోపల పెట్టిస్తానని అన్నాను. నేను గడ్డపార కోసం ఇంటి వెనక్కి వెళ్తే కోడలు వెంట వచ్చింది. చేత్తో నడుం పట్టుకుని, గొంతు తగ్గించి, "తియ్యకక్కా" అంది. "అత్తకి సెప్పలేను గానీ, ఈ పొయ్యొచ్చిన కాణ్ణించే నాకు ఊపిరాడతంది." గడ్డపార చేతిలో ఉంది. ఎటు వెయ్యాలో తెలియక దాన్ని గోడకి ఆనించి వచ్చేశాను. ఏమీ చెయ్యకుండా వెనక్కి రావడం నాకు అదే మొదటిసారి. తర్వాత అలవాటైంది.

మామ్మ చాట అంతా ఏరితే పదమూడు గింజలు పైకి బాగున్నట్టు కనిపించాయి. ఏడు తను గట్టు మీద వేసుకుంది. ఆరు ఆకులో చుట్టి నా చేతిలో పెట్టింది. "నీ కాడయితే మంచిగుంటాయి, సదువుకున్నదానివి" అంది. ఆ నమ్మకం నన్ను కోసేసింది. ఆవిడ వేసిన ఏడూ మొలవలేదు. నేను లాబులో తడి దూది మీద పెట్టిన ఆరింటిలో రెండు మొలిచాయి. హాస్టల్ డాబా మీద కుండీల్లో పెట్టి, తాడు కట్టి పాకించాను. మట్టిని కాల్చడం తెలుసు గానీ మట్టిలో ఏదైనా పెంచడం నాకు తెలీదు. కార్తీకంలో పువ్వు పడే వేళకి తీగంతా పేనుబంక పట్టింది. బూడిద చల్లాను, సబ్బునీళ్ళు కొట్టాను, ఎవరో చెప్పిన మందు కొట్టాను. మందు ఎక్కువైందో ఏమో, ఆకులు మాడిపోయి తీగ రెండు వారాల్లో వడలిపోయింది. ఒకే ఒక్క కాయ మిగిలింది. అందులో మూడు గింజలు. అవి పట్టుకుని మళ్ళీ రైలెక్కాను, ఈసారి పెట్టె లేదు, అగ్గిపెట్టె ఉంది, అందులో దూది. మామ్మ వాటిని వేళ్ళ మధ్య నలిపి చూసింది. ముడతలు పడ్డాయి. "ఇవి పచ్చివే పాపా, ముదరలేదు" అని, నన్ను నొప్పించకూడదనేమో, వాటిని పారెయ్యకుండా కొంగున ముడేసుకుంది. కోడలికి ఆడపిల్ల పుట్టి నాలుగు నెలలు దాటింది. పిల్ల బాగుంది. కోడలు దగ్గడం లేదు. నేను దేనికి సంతోషించాలో దేనికి ఏడవాలో తెలియక తిరుగు రైలు దాకా ఆ పిల్లనే ఎత్తుకుని కూర్చున్నాను.

సార్‌తో చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. నొచ్చుకున్నారు. విత్తనాలు డబ్బాల్లో వేపాకు వేసి దాచుకోమని చెబుదామన్నారు. అది వ్యవసాయం వాళ్ళ పని, మన పని వేడి, అని కూడా అన్నారు. మిగతా పది ఇళ్ళవాళ్ళూ పొయ్యి వద్దన్నారు. మామ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు, పండుగ నాడు పక్కింటి సామలు పట్టుకెళ్ళడం చూసిన ఊరికి వేరే చెప్పాలా? ప్రాజెక్టు నివేదికలో 'స్థానికుల్లో అవగాహన లోపం' అని పడింది. ఆ వాక్యం టైపు చేసింది నేనే. అవగాహన లేనిది ఎవరికో తెలిసి కూడా, తప్పులు సరిచూసి మరీ టైపు చేశాను.

తర్వాత వైవా. ఎదురుగా ముగ్గురు పెద్దలు. పెంకు బలం గురించి, బొరియల గురించి అడిగారు, గడగడా చెప్పాను. వాళ్ళలో ఒకాయన నా నోటుబుక్కు తిరగేస్తూ, "ఈ దుమ్మేమిటమ్మా, మూడుచోట్ల రాశారు?" అని అడిగారు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ రాదని ఆ క్షణంలోనే తెలుసు. నాలుగేళ్ళ చదువు, కిటికీ పక్కన నిలబడి నా కోసం ఆతృతగా చూస్తున్న సార్, బయట వరండాలో స్వీట్ల డబ్బాతో కూర్చున్న మా అమ్మ. "కప్పు గడ్డి రాలిందండీ. బరువులో దాన్ని సరిచేశాను" అన్నాను. ఆయన తల ఊపి పేజీ తిప్పారు. ఈ పొయ్యికి ఏమైనా పరిమితులున్నాయా అని చివర్లో అడిగితే, అంచు దగ్గర పగులు వచ్చే అవకాశం ఉందని చెప్పాను.

మళ్ళీ ఆ ఊరు వెళ్ళడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. పని వల్ల అని అందరికీ చెప్పేదాన్ని. సిగ్గు వల్ల. రెండువేల మూడో నాలుగో, అప్పటికి రోడ్డు ఊరి దాకా పడింది, కొన్ని ఇళ్ళకి రేకుల కప్పు వచ్చింది. మామ్మ ఇల్లు అలాగే ఉంది. ఆవిడ బాగా వంగిపోయింది, నన్ను గొంతుతో గుర్తుపట్టింది. ఏడేళ్ళ పిల్ల లోపల్నుంచి నీళ్ళు తెచ్చి ఇచ్చి ఆటకి పరిగెత్తింది.

లోపలికి అడుగు పెట్టగానే కళ్ళు మండాయి. ఇల్లంతా పొగ. నా పొయ్యి దాని చోటే ఉంది, దాని మీద కుండ ఉడుకుతోంది, గొట్టం పని చేస్తోంది. దాని పక్కనే, అటక కింద, మూడు రాళ్ళు మళ్ళీ వచ్చి చేరాయి. ఆ రాళ్ళ మీద కుండ లేదు. ఒక పచ్చి దుంగ ఊరికే రాజుకుంటూ పొగ చిమ్ముతోంది. పైన మొక్కజొన్న పొత్తులు, రాజ్మా మూట నల్లగా మెరుస్తున్నాయి. వంటకి ఒక మంట, విత్తనానికి ఒక మంట. రెండు మోపుల కట్టె మిగిల్చడానికని నేను పెట్టిన పొయ్యి ఉన్న ఆ ఇంట్లో, ఊళ్ళో ఏ ఇంట్లోనూ లేనంత కట్టె కాలుతోంది. కోడలు నా పొయ్యి ముందు కూర్చుని అంబలి కలుపుతూ దగ్గుతోంది. పాత దగ్గే. నన్ను చూసి నవ్వబోయి, దగ్గు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది.

అటకకి ఒక మూల నారతాడు ఒకటి వేలాడుతోంది, దానికి మూటేదీ లేదు. నేను ఈసారి తలెత్తి చూశాను కాబట్టి కనిపించింది. దేనిదని అడగలేదు.

మామ్మ తడుముకుంటూ వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. పెంకు అంచుని పగులు వెతుకుతున్నట్టు వేళ్ళతో తడిమింది. ఎంత పనితనం, మామ్మా, ఎక్కడా చిన్న గీత కూడా పడలేదు, అని నాలో నేనే అనుకుని ఏడ్చినంత పని చేశాను. ఆవిడ నా వైపు తిరిగి, నిష్ఠూరం ఏమీ లేకుండా, కోడలికి వినపడకుండా మెల్లగా అడిగింది.

"ఇది ఇంకెన్నాళ్ళుంటాది పాపా?"

"చాన్నాళ్ళుంటుంది మామ్మా" అన్నాను. "పగలదు."